గురవమ్మ గుండెలో తడిక

మైపాడులో తెల్లవారితే మునెయ్య ముందు చేసే పని పెళ్ళాం దుప్పటి దులపడం. విదిలిస్తే గోరంత ఎండ్రకాయలు పదో పన్నెండో రాలి, అడ్డంగా పరిగెత్తి, గడప దాటి ఇసకలో కలిసిపోతాయి. గురవమ్మ గుండె తాళం తప్పినప్పుడల్లా ఇట్టా ఒక ఎండ్రకాయ బయటికొస్తుంది. ఊళ్ళో ఎవరికీ అది వింత కాదు. చిన్ననాడు కీళ్ళజ్వరం తగిలి గుండెలో వాల్వు ముడుచుకుపోయిన మనిషికి ఆ మాత్రం ఉండదా అనుకున్నారు.

భయం ఎండ్రకాయల గురించి కాదమ్మా. పోయిన నెల గుండెలో పేరుకున్న రక్తంగడ్డ ఒకటి తలకెక్కి, గురవమ్మకి పూటంతా మాట పడిపోయింది. చేపలగంప దించి కేకేస్తే మూడు వీధులు లేచొచ్చే గొంతు అది! గంగమ్మతల్లి చల్లని చూపు, మాట తిరిగొచ్చింది. ఇంకో గడ్డ తలకెక్కితే మాత్రం మాట తిరిగి రాదన్నారు డాక్టర్లు.

అందుకే మొగుడూ పెళ్ళాం నెల్లూరు ఆసుపత్రికి పోయినారు. ఆపరేషన్ చేసే డాక్టరు సుప్రియ కాగితాలన్నీ చూసి, బల్లమీదికెక్కిన ఎండ్రకాయని పెన్నుతో పక్కకి నెట్టి చెప్పింది.

"వాల్వు మారుస్తాను. తాళం సంగతి మాత్రం వదిలేద్దాం పెద్దాయనా."

"వదిలేస్తే గడ్డలు మళ్ళీ కట్టవా డాక్టరమ్మా?"

"కట్టొచ్చు. గుండె పైగదిలో కరెంటు దారి తప్పి తిరుగుతోంది. లోపల కాల్చి గీతలు పెడితే మచ్చలు పడతాయి. వాటిని దాటలేక కరెంటు ఒకటే దారిన నడుస్తుంది. కానీ ఈమె గది బాగా సాగిపోయింది. గీతలు పెట్టినా దారికొస్తుందని నమ్మకం లేదు. అందుకోసం గుండెని ఇంకో అరగంట ఆపి ఉంచడమెందుకు?"

మునెయ్య మొహం వెలిగింది. "అంటే తడిక కట్టడమే గదా!"

ఉప్పుకాలవలో వెదురుపుల్లల తడికలు కట్టి, రొయ్యల్నీ ఎండ్రకాయల్నీ తనకు కావలసిన దారిన నడిపించడంలో నలభై ఏళ్ళ చెయ్యి ఆయనది. నర్సు కామాక్షి దగ్గర గొంతు చూసే చెక్కపుల్లలు, ప్లాస్టరు అడిగి తీసుకున్నాడు. గోడమీది గుండె బొమ్మ చూసుకుంటూ బల్లమీద పుల్లలు నిలబెట్టినాడు. గురవమ్మ కొంగు విదిలించింది. ఆ పుల్లల మధ్య ఏడు ఎండ్రకాయలు రాలాయి. రాలినవి రాలినట్టే ఓ మూలకి పోయి, ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

"చూశారా?" అంది డాక్టరు మెల్లగా.

"బిగించేసినావు గదయ్యా!" గురవమ్మ కసిరింది. "కాలవలో అయితే సందు వదులుతావే. పెళ్ళాం గుండెకాడికొచ్చేసరికి చేతులొణికినాయా?"

 మునెయ్య కళ్ళు మూసి గంగమ్మని తలుచుకున్నాడు. రెండు పుల్లలు పీకి పైనుంచి కిందికి ఒక్క సందు వదిలినాడు. ఎండ్రకాయల్ని ఇవతలికి నెట్టి, అవి ముసురుకున్న మూలని అడ్డంగా మూసేసినాడు.

"గుండెలోనూ ఆ మూల ఉన్న చిన్న సంచిని మూసెయ్యాలి," డాక్టరు ముందుకు వంగింది. "గడ్డలు కట్టేది ఎక్కువగా అందులోనే."

ఎండ్రకాయలు కదిలాయి. ఒకదాని వెనక ఒకటి, ఎడం చెదరకుండా, ఏడూ నడిచొచ్చి గురవమ్మ అరచేతిలోకి దిగాయి. గది ఎంత సాగినా తడిక కుదిరితే నడక కుదురుతుంది! డాక్టరు ఒక్కో పుల్ల ఎక్కడుందో కాగితంమీద గీసుకుంది.

"కామాక్షీ, సంతకాలకి కొత్త కాగితం తీసుకురా. రెండూ చేసేద్దాం."

చేసింది. మచ్చలు గట్టిపడటానికి మూణ్ణెల్లు పడుతుంది, ఈలోగా ఒకటీ అరా ఎండ్రకాయ కనిపిస్తే బెదరొద్దని చెప్పి ఇంటికి పంపింది. ఒకటీ అరా కనిపించాయి కూడా. నాలుగో నెలలో మునెయ్య దుప్పటి దులిపితే ఉత్త ఇసక రాలింది. ఆసుపత్రి కాగితంమీదా గుండె తాళం గీత చక్కగానే వచ్చింది.

ఆ వారమే డాక్టరు ఫోను చేసింది. "పెద్దాయనా, బుచ్చిరెడ్డిపాలెం రైతు ఒకాయన వచ్చాడు. ఈయన గది ఇంకా సాగింది. చొక్కాలోంచి మిడతలొస్తున్నాయి. ఒకసారి రాగలరా?"

మునెయ్య పుల్లలకట్ట చంకన పెట్టుకుని బస్సెక్కినాడు. బస్సు కదిలి మలుపు తిరగబోతుండగా ఒడ్డునించి గురవమ్మ కేక వినబడింది.

"మిడతలెగురుతాయి గదయ్యా! తడికొక్కటే చాలదు, పైన వల కప్పాల!"

ఎవరూ చెప్పకుండానే డ్రైవరు బ్రేకేసినాడు. మునెయ్య వల తెచ్చుకోడానికి దిగినాడు.