కుట్టుమిషన్ కుడి సొరుగు

నేను ఒక కుట్టుమిషన్ని. కాలితో తొక్కితే తిరిగే పాతకాలపుదాన్ని. తణుకులో ఒక ఇంటి హాల్లో, కిటికీ పక్కన ఉంటున్నాను. నా మీద ఇప్పుడు ఆరో తరగతి పుస్తకాలు, ఒక నీళ్ల సీసా, ఎప్పుడూ మూత దొరకని జిగురు డబ్బా పెడుతున్నారు. నా చేత బట్ట కుట్టించి రెండేళ్లు దాటింది. అయినా ఈ ఇంట్లో నన్ను పాత సామాన్లవాడికి వేసే ధైర్యం ఎవరికీ లేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. వయసు మీద పడ్డాక ఏ సంగతైనా మొదటినుంచి చెప్తే తప్ప నాకు తోచదు.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిలో, పెద్ద కార్ఖానాలో. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, మెడ మీద బంగారు రంగు లతలు. అందగత్తెనే అనుకోండి. రైలెక్కి, లారీ ఎక్కి, చివరికి తణుకు బజారులో టైలరు అప్పలస్వామి అరుగు మీదికి చేరాను. నాకు రెండు సొరుగులు. ఎడమదాంట్లో దారపు ఉండలు, కత్తెర, సుద్దముక్కలు ఉండేవి. కుడిదానికి తాళం. అందులో అప్పలస్వామి చుట్టలు దాచుకునేవాడు, భార్య కంట పడకుండా. చుట్ట వాసన ఎక్కడైనా దాగుతుందా? ఆవిడకు శుభ్రంగా తెలుసు. అయినా ఆయన దాచడం మానలేదు, ఆవిడ తెలియనట్టు ఉండడం మానలేదు. ఇరవై ఏళ్లు అలా గడిపేశారు మహానుభావులు! మనుషుల తీరు ఎలాంటిదో నాకు అక్కడే బోధపడింది.

అప్పలస్వామికి చూపు మందగించి సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక, నన్ను ఒక రిక్షాలో ఈ ఇంటికి తెచ్చారు. తెచ్చినాయన తన భార్య కోసం తెచ్చాడు. ఆమె పేరు మంగతాయారు. అప్పుడు ఇరవై ఏళ్ల పిల్ల, చేతికి గాజులు నిండుగా, మాట మాత్రం తక్కువ. ఆమె కాలు పెడల్ మీద పెడితే నాకు ప్రాణం లేచొచ్చేది. వీధిలో సగం మంది జాకెట్లు మా చేతిమీదే కుట్టించుకున్నారు. ఆ మధ్యాహ్నాలు, ఆ రేడియో పాటలు, ఆవిడ పళ్లతో దారం తెంపే చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నా చక్రం కదిలినట్టవుతుంది.

ఆమెకు ఫిట్స్ ఉండేవి. పెళ్లికి ముందు రెండుసార్లు, పెళ్లయ్యాక ఒకసారి వచ్చాయి. భర్త గుట్టుగా రాజమండ్రి తీసుకెళ్లి చూపిస్తే, రోజూ ఒకే వేళకు ఒక మాత్ర వేసుకోవాలని డాక్టరు చెప్పాడట. అత్తగారికి తెలిస్తే జబ్బు పిల్లను అంటగట్టారని పుట్టింటికి సాగనంపుతుందని మంగతాయారు భయం. అందుకని ఆ మాత్రలు నా కుడి సొరుగులోకి చేరాయి, గుండీల డబ్బా కిందికి. అత్తగారు స్నానానికి వెళ్తే వేసుకునేది, వెళ్లకపోతే లేదు. మరిది పెళ్లికి ఇల్లంతా చుట్టాలు దిగారు. మూడు రోజులు ఆమెకు సొరుగు తీసే సందు దొరకలేదు. నాలుగో రోజు పొద్దున్న ఫిట్స్ వచ్చి నా ముందే విరుచుకుని పడిపోయింది. నా బల్ల అంచు ఆమె ఎడమ కనుబొమకు తగిలి చీరుకుపోయింది. ఆ దెబ్బ కొట్టింది నేనే కదా అని ఇన్నేళ్లుగా నా బాధ. తడి గచ్చు మీద కాలు జారిందని ఆమె అందరికీ చెప్పింది, అందరూ నమ్మారు.

కొన్నేళ్లకు డాక్టరే మాత్రలు ఆపించాడు. అత్తగారు పోయింది, తరవాత చాలా ఏళ్లకు భర్త కూడా పోయాడు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం, ఆమె, నేను. కనుబొమ మీద మచ్చ మాత్రం అలాగే ఉండిపోయింది.

పెద్దకొడుకు సత్తిబాబుకు పెళ్లయి ఝాన్సీ కోడలుగా వచ్చింది. కుట్టు వచ్చిన పిల్ల. తాళంచెవితో సహా నన్ను మంగతాయారు ఆమెకు అప్పగించింది. వాళ్ల కూతురు మోక్షిత, ఇంట్లో మోక్షి. అబ్బో, ఆ పిల్ల గురించి ఏం చెప్పమంటారు! నిలబడితే దూకడం, కూర్చుంటే కాళ్లాడించడం. అన్నం తింటూ లేచిపోయి, చెప్పు వేసుకుంటూ ఇంకేదో గుర్తొచ్చి ఒంటి చెప్పుతో బడికి వెళ్లిన రోజులున్నాయి. నా చక్రం పట్టుకుని గిర్రున తిప్పేది. నానమ్మ ఒళ్లో ఎక్కి, ఆ మచ్చ ఎలా వచ్చిందని నూటపదహారు సార్లు అడిగేది. కాలు జారిందని నానమ్మ నూటపదహారు సార్లు చెప్పేది.

మూడో తరగతికొచ్చేసరికి నవ్వులాట కాస్తా ఏడుపు వ్యవహారమైంది. తెలివి ఉంది గానీ ఒక్క లెక్క చివరిదాకా చేయదని, పక్కవాళ్లను చేయనివ్వదని, ఇలాగైతే తమవల్ల కాదని టీచరు కబురు పెట్టింది. ఝాన్సీ, సత్తిబాబు కలిసి పిల్లల డాక్టరుకు చూపించారు. ఆవిడ రెండు మూడుసార్లు పిలిపించి, పరీక్షలన్నీ చేసి, ఇది పిల్ల అల్లరీ కాదు, మీ పెంపకం తప్పూ కాదు, ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అని చెప్పింది. రోజూ పొద్దున్న టిఫినయ్యాక వేయమని ఒక మాత్ర రాసింది.

ఇంట్లో అప్పటికే ఒకరోజు ఈ ప్రస్తావన వస్తే, చిన్నపిల్లలకు మందులేంటి, పెద్దదైతే అదే కుదురుకుంటుందని మంగతాయారు తేల్చేసింది. ఆ మాట అన్నది ఎవరో చూసి నాకు మతిపోయింది. నోరుంటే అప్పుడే నిలదీసేదాన్ని. సత్తిబాబు సంగతి సరేసరి, మీసాలొచ్చినా తల్లంటే హడల్. అమ్మకు మాత్రం చెప్పకు, రచ్చవుతుంది అని భార్యకు చెప్పి చేతులు దులుపుకున్నాడు.

పొద్దున్న ఆ మాత్ర ఎలా వేయాలి? వంటింట్లో అత్తగారు, హాల్లో ఇడ్లీ పళ్లేలతో భర్త, ఆయన తమ్ముడు. సాయంత్రం నాలుగున్నరకు మంగతాయారు ఆంజనేయస్వామి గుడికి పారాయణకు వెళ్తుంది. భర్త పనికి, మరిది షాపుకి వెళ్లి ఉంటారు. అప్పుడు ఇంట్లో తల్లీకూతుళ్లు ఇద్దరే. రోజుకొకటి అన్నారు, ఏ పూట వేస్తేనేం అనుకుంది ఝాన్సీ. నా కుడి సొరుగు తాళం తీసింది. ఆ మాత్రల అట్టను ఎక్కడ పెట్టిందనుకున్నారు? గుండీల డబ్బా కింద. నలభై ఏళ్ల కిందటి చోటే!

మందు పనిచేసింది, కాదనను. ట్యూషన్లో పిల్ల కుదురుగా కూర్చుంది. ఒక సాయంత్రం నా పక్కన చాప మీద పది లెక్కలు వరసగా చేసి, అన్నీ అయిపోయాయని తనే నమ్మలేక రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఝాన్సీ కళ్లు తుడుచుకుని మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

కానీ రాత్రి నిద్ర మాత్రం ఎగిరిపోయింది. ఇల్లంతా గుర్రు పెడుతుంటే ఆ పిల్ల పైకప్పు చూస్తూ పడుకునేది. పన్నెండు, ఒంటిగంట. ఝాన్సీ వేడిపాలు ఇచ్చింది, తలకు నూనె రాసింది, దిష్టి తీసింది, కథలు చెప్పీ చెప్పీ తనే మధ్యలో కునికింది. విసిగిపోయి ఒకసారి కసిరింది కూడా. అప్పుడు మోక్షి అన్న మాట నాకు సూదిలా దిగింది.

"కళ్లు మూసుకునే ఉన్నానమ్మా. అయినా రావట్లేదు. నేనేం చెయ్యను?"

మర్నాడు బడిలో తూగడం, అన్నం సయించకపోవడం, దేనికో దానికి ఏడవడం. నెల తిరిగాక డాక్టరు దగ్గరకెళ్తే ఆవిడ మొట్టమొదట అడిగింది, మాత్ర ఎన్నింటికి వేస్తున్నారని. ఝాన్సీ నోటికి పొద్దున్నే అనే వచ్చింది. చెప్పినట్టు చేయలేదంటే తిడతారని బెరుకు. రెండు వారాలు పడుకున్న వేళ, లేచిన వేళ రాసి తెమ్మని, అప్పటికీ ఇలాగే ఉంటే ఈ మందు ఆపక తప్పదని డాక్టరు చెప్పింది. ఇదంతా ఆ రాత్రి భర్తకు చెప్తుంటే విన్నాను. మందు ఆపితే ఆ పది లెక్కలు పోతాయి, బడి పోతుంది. ఆపకపోతే పిల్లకు నిద్ర లేదు. ఝాన్సీ నా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. తప్పు వేళదని నాకు తెలుసు, ఒకసారి కళ్లారా చూసినదాన్ని కదా. చెప్పడానికి నోరేదీ?

ఆ రెండు వారాల్లో పదకొండో రోజు సాయంత్రం, పూజారి ఊరెళ్లాడని పారాయణ జరగలేదు. మంగతాయారు అరగంటలో వెనక్కి వచ్చేసింది. మోక్షి ట్యూషన్‌కి వెళ్లింది. ఝాన్సీ లైనింగు గుడ్డ కోసం సందు చివరిదాకా వెళ్లింది, తాళంచెవి సొరుగుకే వదిలేసి. మంగతాయారు జాకెట్టు హుక్కు ఊడిందట. హుక్కు కోసం సొరుగు లాగింది, గుండీల డబ్బా ఎత్తింది.

కింద మాత్రల అట్ట. ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది. తరవాత మెల్లిగా స్టూలు మీద కూలబడింది. ఒక చేత్తో అట్ట పట్టుకుని, రెండో చేత్తో కనుబొమ తడుముకుంటూ ఎంతసేపు కూర్చుందో! ఝాన్సీ గుమ్మంలో అడుగుపెట్టి చూసింది. చేతిలో గుడ్డ జారిపోయింది.

"ఎవరివే ఇవి?" అంది మంగతాయారు. గొంతులో కోపం లేదు.

"మోక్షివి అత్తయ్యా. చదువు మీద ధ్యాస కుదరడానికి డాక్టరుగారు రాశారు."

"ఎన్నింటికి వేస్తన్నావ్?"

డాక్టరు అడిగిన ప్రశ్నే. ఈసారి ఝాన్సీకి అబద్ధం రాలేదు. "మీరు గుడికెళ్లాకండి. పొద్దున్న వెయ్యమన్నారు గానీ, పొద్దున్న మీరుంటారని..."

మంగతాయారు ఆ గుండీల డబ్బాను ఒళ్లో పెట్టుకుని, దాని మూత తుడుస్తూ అంది.

"నేనూ ఇక్కడే దాచేదాన్నే. ఈ డబ్బా కిందే. మా అత్తకి భయపడి. వేళకి పడక, ఇదిగో, ఈ దెబ్బ తిన్నాను." ఆమె మాత్రల అట్టను ఝాన్సీ వైపు చాపింది. "నాకు భయపడి నువ్వు దాచావంటే నేనూ మా అత్తనే అయిపోయాన్నమాట."

ఝాన్సీ వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. నేను మాత్రం నలభై ఏళ్ల బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు అత్తాకోడళ్లు ఇద్దరూ పిల్లను తీసుకుని డాక్టరు దగ్గరకెళ్లి నిజం చెప్పారు. ఆవిడ తిట్టలేదట, తల పట్టుకుందట. సాయంత్రం వేస్తే ఆ మందు రాత్రి పొద్దుపోయేదాకా పిల్లను మేలుకునే ఉంచుతుందని, మందు మార్చక్కర్లేదు, వేళ మారిస్తే చాలని చెప్పింది. ఊరికే వేళ మారిస్తే నిద్ర పరిగెత్తుకు రాదని కూడా చెప్పింది. సెలవైనా పండగైనా ఒకే వేళకు పడుకోవాలి, గంట ముందే టీవీ, ఫోను కట్టెయ్యాలి, సాయంత్రం బయట ఆడుకోవాలి, పడుకునేచోట వెలుతురు తగ్గించాలి. మీ అంతట మీరు మాత్ర పెంచడం, తగ్గించడం చేయొద్దని గట్టిగా చెప్పి పంపింది.

ఆ మరుసటి పొద్దున్న అందరూ ఇడ్లీలు తింటుండగా మంగతాయారు మాత్ర తెచ్చి మోక్షి పళ్లెం పక్కన పెట్టింది. ఏంటమ్మా అదని చిన్నకొడుకు అడిగితే, దానికి కావాల్సిన మందురా, నువ్వు తిను అంది. సత్తిబాబు చేతిలో ఇడ్లీముక్క చట్నీలో పడిపోయింది. ఇంతకాలం ఇంటిల్లిపాదీ భయపడ్డ రచ్చ అంతే, అంతకుమించి ఏమీ లేదు. మాత్రలు వంటింట్లో ఉప్పు డబ్బా పక్కకు చేరాయి.

ఆ రాత్రి ఎనిమిదింటికల్లా మంగతాయారు టీవీ నోరు మూయించింది. క్రికెట్ మధ్యలో. చిన్నకొడుకు గునుస్తూ ఫోను పట్టుకుని డాబా ఎక్కాడు. ట్యూబులైటు ఆర్పేసి చిన్న దీపం వేశారు. నా చప్పుడుకు పిల్ల లేస్తుందని ఝాన్సీ రాత్రిపూట కుట్టడం మానేసింది. మొదటి వారం ఏమంత మార్పు లేదు. అలవాటు తప్పిన నిద్ర, పదకొండు దాటేది. ఒక రాత్రి మోక్షే అడిగింది, మిషన్ తొక్కమ్మా, ఆ చప్పుడుంటే బాగుంటుందని. ఝాన్సీ సూదిలో దారం తీసేసి, ఉత్తినే, మెల్లిగా తొక్కింది. ఎన్నో పెళ్లి బట్టలు కుట్టాను గానీ, ఆ దారంలేని కుట్టు కుట్టినప్పుడు పొంగినంతగా ఎన్నడూ పొంగలేదు. పదకొండు పదిన్నరైంది, పదిన్నర పదైంది.

నాలుగో వారంలో ఒక రాత్రి ఝాన్సీ తొక్కుతోంది. సత్తిబాబు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మోక్షి నానమ్మ ఒళ్లో తల పెట్టుకుని, కనుబొమ మీద వేలు పెట్టి మళ్లీ అదే అడిగింది, ఈ మచ్చ ఎలా వచ్చింది నానమ్మా అని.

ఈసారి మంగతాయారు కాలు జారిందని చెప్పలేదు. ఇరవై ఏళ్లప్పుడు తనకొచ్చిన ఫిట్స్ గురించి చెప్పింది. రాజమండ్రి డాక్టరు గురించి, గుండీల డబ్బా గురించి, సొరుగు తీయలేకపోయిన మూడు రోజుల గురించి చెప్పింది. నా బల్ల అంచును చేత్తో నిమురుతూ, దీని తప్పేం లేదు పాపం అంది. ఆ మాట కోసం నలభై ఏళ్లు ఎదురుచూశానని నాకు అప్పుడు తెలిసింది.

మోక్షి అదంతా వినలేదు. కథ రాజమండ్రి చేరేసరికే నిద్రపోయింది. గోడ గడియారంలో తొమ్మిదిన్నర కూడా కాలేదు. విన్నది సత్తిబాబు. వచ్చి తల్లి పక్కన చతికిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు.

"నాకెందుకు చెప్పలేదమ్మా ఇన్నాళ్లూ?" అన్నాడు, గొంతు పెద్దది చేసి.

మంగతాయారు పిల్ల చెవి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లిగా మాట్లాడరా, పిల్ల లేస్తది."

ఝాన్సీ కాలు ఆపింది. నా చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి తనంత తనే ఆగింది. ఆ రాత్రి నుంచి నా కుడి సొరుగుకు ఎవరూ తాళం వేయలేదు. తాళంచెవి ఎక్కడ పెట్టారో ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.