గార్డమ్మ చూపించిన పెరూ

ఆ ముసలామెను మస్తానన్న ఇంటికి తీసుకొచ్చిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి ఇంకా నెల కాలేదు. మేముండే ఫహాహీల్ బజారులో సగం అంగళ్ళు దోచేశారు, సగం మూతపడ్డాయి. వీసా ఇచ్చి మమ్మల్ని పనికి పెట్టుకున్న మా కఫీల్ కుటుంబమంతా ఎండాకాలం గడపడానికి జూలైలోనే లండన్ వెళ్ళిపోయింది. అంత పెద్ద ఇంట్లో మిగిలింది పనిమనిషిని నేను, డ్రైవరు మస్తాన్ వలి. ఇద్దరిదీ రాయచోటి పక్కే. ఉన్న బియ్యం ఇద్దరికే చాలదని నేను ఏడుస్తుంటే, బస్సుల సంగతి కనుక్కుంటానని కువైట్ సిటీలోని మిర్కాబ్ పోయిన మనిషి ఇంకొకరిని కారెక్కించుకుని వచ్చాడు.

"ఏందన్నా ఇది? సత్రం అనుకున్యావా?" అన్నాను గేటు దగ్గరే.

"తెలుగు మాట్లాడతాది మునీ. ఎండలో పెట్టె మీద కూర్చోనుండాది. ఎట్లా వదిలేసి వచ్చేది?"

నీలంచుల నేత చీర కట్టుకున్న ఆ పెద్దామె నా మొహం చూసి మెల్లగా నవ్వింది. "నాది బొంబాయి, తల్లీ. కానీ సంసారమంతా గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో చేసినాను. మా ఆయన గార్డు. అక్కడ అందరూ నన్ను గార్డమ్మా అనే పిలిచేవాళ్ళు" అంది.

కూతురి దగ్గరికని బొంబాయి నుంచి లండన్ పోతోందట. దారిలో కువైట్‌లో ఆగిన విమానం మళ్ళీ లేవలేదు. ప్రయాణికులను హోటల్లో పెట్టారు, తెల్లవాళ్ళను సైనికులు ఎక్కడికో తీసుకుపోయారు, ఇండియా వాళ్ళను మీ తిప్పలు మీరు పడండని వదిలేశారు. అదీ ఆమె కథ.

ఆ పూట గొడవ గిన్నె దగ్గర మొదలైంది. పప్పన్నం పెడితే పళ్ళెం ముట్టుకోలేదు. "ఈ గిన్నెలో ఎప్పుడన్నా మాంసం వండినారా?" అని అడిగింది.

"కువైటోళ్ళ ఇల్లు ఇది. మాంసం వండని గిన్నె యాడుంటాది?"

"కొత్తది ఒకటి ఉంటే ఇస్తావా? లేకపోతే ఖర్జూరాలు చాలు నాకు."

ఊరంతా తిండికి అల్లాడుతుంటే ఈమెకు కొత్త గిన్నె కావాలట! నోటికొచ్చినట్టు అనేశాను. ఆమె కోపపడలేదు.

"మేము యూదులం, మునీ. మా తిండికి కట్టుబాట్లు ఉంటాయి. కోషర్ అంటాము" అంది.

నాకు ఆ మాటేమిటో తెలియలేదు. బాపనమ్మల మడి లాంటిది కాబోలు అనుకున్నాను. మస్తానన్న మాత్రం ముద్ద పళ్ళెంలో వదిలేశాడు. లేచి వెళ్ళి కిటికీలన్నీ మూసి వచ్చాడు.

"గార్డమ్మా, ఈ మాట గేటు దాటకూడదు. రేడియోలో పొద్దస్తమానం యూదులను తిడతాండారు వీళ్ళు. తెలిసిందంటే గూఢచారివని పట్టుకపోతారు. మళ్ళా మనిషి కనపడదు."

"తెలుసు నాయనా. హోటల్లో ఎవరికీ చెప్పలేదు. మీ ఇంట్లో ఉంటా మీకు చెప్పకపోతే తప్పు కదా."

మేము మామా అని పిలిచే యజమానురాలి అలమారలో అట్టపెట్టె కూడా విప్పని స్టీలు గిన్నె ఒకటుంది. తిట్టుకుంటూనే తీసి ఇచ్చాను. అప్పటి నుంచి ఒకటే పొయ్యి, మూడు కట్టుబాట్లు. ఆమెకు కోషర్, అన్నకు హలాల్, వెంకన్నకు మొక్కుకున్నానని నాకు శనివారం నీసు లేదు. ముగ్గురికీ కలిసొచ్చింది పప్పొక్కటే.

ఆమె తన గది తలుపు చెక్కకు చిటికెన వేలంత గొట్టం ఒకటి కట్టుకుంది. అందులో పలచటి తోలు మీద రాసిన దేవుడి మాటలు ఉంటాయట. వస్తూ పోతూ దాన్ని తాకి వేళ్ళు ముద్దు పెట్టుకునేది. మస్తానన్న ఆసక్తిగా చూసేవాడు.

"మేము తాయెత్తు కట్టుకున్నట్లా, గార్డమ్మా?"

"మీరు చేతికి కడతారు, మేము ఇంటికి కడతాము" అంది నవ్వుతూ.

బయటికి పోలేం. కరెంటు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఏడుపు తప్ప నాకు వేరే పని లేదు. ఒక సాయంత్రం ఆమె రంగురంగుల కాగితం ఒకటి తీసి పరిచింది. పెరూ అనే దేశంలో టూరు. ఇన్కా రాజుల కోటలు, స్పెయిన్ వాళ్ళు కట్టిన పాత పట్టణాలు చూపిస్తారు. వంటమనిషి, గిన్నెలు టూరు వెంటే వస్తాయి. శనివారం వాళ్ళకు ప్రయాణం చెయ్యకూడని రోజట, ఆ రోజు బస్సు కదలదు. కోషర్ తినేవాళ్ళ కోసమే పెట్టిన టూరు. లండన్‌లో కూతుర్ని కలుపుకుని అక్కడికే పోవాలట.

"ఈ వయసులో నీకు ఆ కొండలెందుకమ్మా?" అని అడిగేశాను.

"నాకు కాదు, మా ఆయనకు. అక్కడ కొండ ఎక్కే రైలు ఒకటుంది. ఎవరో దాని బొమ్మ ఇస్తే క్వార్టర్స్ గోడకు అంటించుకున్నాడు. రిటైరయినాక ఆ బండి ఎక్కుదామనేవాడు. రిటైరు కాకముందే పోయినాడు. ఆయన బదులు నేను ఎక్కాలి."

ఇక రోజూ సాయంత్రం ఆమె మమ్మల్ని టూరు తిప్పేది. మొదలుపెట్టే ముందు మెడలోని దారం పట్టి జాకెట్టులోంచి ఈల ఒకటి బయటికి తీసేది. ఇన్నాళ్ళూ అది తాళిబొట్టనుకున్నాను! వాళ్ళాయన ఈల. నోటి దాకా తెచ్చి ఊదకుండా ఆపేది. వీధి చివర సైనికుల లారీ ఉంది మరి.

"అందరూ ఎక్కినారా లేదా చూడాల. అప్పుడు ఈల ఊదాల. అందరూ ఎక్కినాకనే గార్డు ఎక్కాల. ఆయన ఈల లేందే బండి కదలదు" అనేది.

కింది హాలు లీమా పట్టణం. "ఇక్కడ వాన పడదు" అంటే, "ఫహాహీల్ మాదిరే" అన్నాడు మస్తానన్న. తెల్ల బండలు పరిచిన వసారా అరెకిపా. అక్కడ ఇళ్ళన్నీ తెల్లరాయితో కట్టారట. మేడ మెట్లు కుస్కో. మెట్టుమెట్టుకూ ఆగి గోడ తడిమి చూపించేది.

"సున్నం లేదు, మట్టి లేదు, రాయికి రాయి అట్లా పొదిగినారు. బయటినుంచి వచ్చినోళ్ళు గుళ్ళు పడగొట్టి, ఆ గోడల మీదే చర్చీలు కట్టుకున్నారు. భూకంపం వచ్చింది. పైన కట్టింది కూలింది. కింద గోడలు నిలబడినాయి."

"ఆ గోడలు కట్టినోళ్ళు ఏమైనారమ్మా?" అని అడిగాను. ఆమె పై మెట్టు ఎక్కింది. నాకు భయమేసింది.

ఆఖరి మజిలీ కొండ మీది ఊరు, మాచు పిచ్చు. మా ఇంట్లో అది మిద్దె మీదే ఉండాలి. కానీ మిద్దె ఎక్కిన వాళ్ళను సైనికులు కాలుస్తున్నారు. పక్క వీధిలో నీళ్ళ ట్యాంకు చూసుకోవడానికి ఎక్కిన ఈజిప్టు మనిషిని కాల్చారు. అందుకని మా టూరు మెట్ల దగ్గరే ఆగింది.

"పోయే రోజు చూపిస్తాలే, దారిలో" అంది గార్డమ్మ.

సెప్టెంబరులో కబురొచ్చింది. మిర్కాబ్‌లో మనవాళ్ళు బస్సు మాట్లాడారు. బస్రా, బగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు. అక్కడికి చేరితే ఇండియా విమానాలు ఉన్నాయి. బస్సు బయలుదేరేది శనివారం. ఇంకేముంది, ఈ మహాతల్లి కదలనంటుంది, మా కొంప ముంచుతుందని ముందే గొంతు లేపాను.

"అరవొద్దు మునీ, వస్తాను. ప్రాణం కాపాడేదానికి శనివారం తప్పినా తప్పు కాదు. మా మతమే చెప్పింది."

"ఎవరి ప్రాణం? నీదా?"

"ఎవరిదైనా."

దారి పొడవునా సోదాలుంటాయి. పాస్‌పోర్టులో ఆమె పేరు చూస్తే కిరస్తానీ అనుకుంటారు, దానితో చిక్కు లేదు. టూరు కాగితం, ప్రార్థన పుస్తకం మాత్రం వెంట ఉండకూడదని మస్తానన్న ఖండితంగా చెప్పాడు. కాగితాన్ని నేనే పొయ్యిలో పెట్టాను. పుస్తకాన్ని ఆమె కళ్ళకద్దుకుని, కాల్చకూడదంది. తలుపుకు కట్టిన గొట్టంలోని తోలు చుట్టను కూడా తీసి అన్న చేతిలో పెట్టింది.

"దేవుని పేరు ఉంది వీటిలో. పెరట్లో పాతిపెట్టు నాయనా. మాకు అదే పద్ధతి."

అన్న పార తీసుకుని వెళ్ళాడు. చేతులు కడుక్కుని వచ్చాడు.

బస్సులో ఆడవాళ్ళం ముందు, మగవాళ్ళు వెనక. బస్రా దాటాక ఎడారి. కిటికీ ముట్టుకుంటే కాలుతోంది. పిల్లలు ఏడ్చి ఏడ్చి పడుకున్నారు. గార్డమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా మొదలుపెట్టింది.

"ఇప్పుడు రైలు ఎక్కినాం. కుస్కో నుంచి బండి కొండను తిన్నగా ఎక్కలేదు. కొంచెం ముందుకు పోతాది, ఆగుతాది, వెనక్కి నడుస్తాది, మళ్ళా ముందుకు. అట్లా ముందుకూ వెనక్కూ ఎక్కి..."

బస్సు ఆగింది. చెక్‌పోస్టు.

మగవాళ్ళందరినీ దింపి ఎండలో వరసగా నిలబెట్టారు. సైనికులకు కావలసింది బంగారం. బూట్లు విప్పించారు, నడుములు తడిమారు. మస్తానన్న చొక్కా చెయ్యి పైకి లాగితే దండకు నల్లదారంతో తాయెత్తు కట్టి ఉంది. అంతకు ముందెప్పుడూ ఆయన దండకు తాయెత్తు చూడలేదు నేను. సైనికుడు దాన్ని కత్తితో కోసి, బంగారం కోసం చీల్చాడు. లోపలినుంచి తోలు చుట్ట రాలింది.

పుస్తకాన్ని దాచే దారి లేక పాతిపెట్టాడు కానీ, ఈ చుట్టను పెట్టలేకపోయాడు. సైనికుల బూట్లు తొక్కే నేలలో దేవుడి పేరు పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. తనకు తెలిసిన పద్ధతిలో దండకు కట్టుకున్నాడు. పిచ్చి మనిషి! జోర్డాన్ చేరాక ఆమె చేతికి తిరిగి ఇద్దామనుకున్నాడట.

నెరిసిన మీసాల ఆఫీసరు ఆ చుట్టను విప్పి చూశాడు. "యహూద్" అన్నాడు. ఆ మాట నాక్కూడా తెలుసు, రేడియోలో రోజూ విన్నదే. ఆ తర్వాత "జాసూస్" అన్నాడు. అంటే గూఢచారి. తుపాకీ మడమతో కొడితే మస్తానన్న మోకాళ్ళ మీద పడ్డాడు. ఎవరిచ్చారని అడుగుతున్నారు. ఆయన అరబ్బీలో, ఉర్దూలో ఒకటే చెబుతున్నాడు, మా ఊరి దర్గాలో ఇచ్చారు, మా అమ్మ కట్టింది అని. ఒక్కసారైనా బస్సు వైపు తల తిప్పలేదు.

గార్డమ్మ లేచింది. నేను ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను.

"కూర్చో! నిన్ను ఎవురూ అడగలేదు. కూర్చోమ్మా, నీ కాళ్ళు మొక్కుతా."

"వదులు మునీ. వాళ్ళు వాణ్ణి చంపుతారు."

"నిన్ను మాత్రం వదుల్తారా?"

"నేను పెద్దదాన్ని."

నేను వదల్లేదు. ఒక్కొక్క వేలూ తనే విడదీసుకుంది. ఆ ముసలి చేతుల్లో అంత బలం ఎక్కడిదో! మెట్లు దిగి నేరుగా ఆఫీసరు దగ్గరికి నడిచి, ఆ చుట్టను చూపించి తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. ఇంగ్లీషులో మాట్లాడింది. అది నాది, చెయ్యి నొప్పి అంటే మందని చెప్పి నేనే కట్టాను, వాడికేమీ తెలియదు అని. వరసలో ఆమె పక్కన నిలబడ్డ వాళ్ళు ఆ మాటలు తర్వాత నాకు చెప్పారు.

ఆఫీసరు ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. ఆమె పాస్‌పోర్టు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మగవాళ్ళను ఎక్కమని చెయ్యి ఊపాడు. అందరూ పరుగున ఎక్కారు. మస్తానన్న ఎక్కలేదు. నెత్తురు కారుతున్న మొహంతో ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాడు.

"ఆమె లేకుండా నేను రాను. చంపితే చంపనీ" అంటున్నాడు. నేను కిటికీలోంచి అరుస్తున్నాను. బస్సులో కొందరు పోనీ పోనీ అంటున్నారు, కొందరు ఆమెను ఎక్కించండయ్యా అంటున్నారు. డ్రైవరు సూడాన్ వాడు, ఎవరి మాట వినాలో తెలియక స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. సైనికుడు ఒకడు మళ్ళీ తుపాకీ ఎత్తి అన్న వైపు వస్తున్నాడు.

గార్డమ్మ మా వైపు తిరిగింది. ముందు కిటికీ నుంచి వెనక కిటికీ దాకా వరసగా చూసింది. మెడలోని దారం పట్టి ఈల బయటికి తీసింది.

ఇంట్లో ఇన్ని సాయంత్రాలు నోటి దాకా తెచ్చి ఆపుకున్న ఈల. అక్కడ ఆపలేదు. చెయ్యి పైకెత్తి, ఊపిరంతా పెట్టి ఊదింది. సైనికులు ఉలిక్కిపడి చూశారు. పొమ్మన్నారని అనుకున్నాడు డ్రైవరు, బ్రేకు వదిలేశాడు. వెనక ఉన్న వాళ్ళు మస్తానన్నను చొక్కా పట్టి లోపలికి లాగారు.

మా బండి కదిలింది. అందరూ ఎక్కినాకనే ఎక్కాల్సిన గార్డు ఆ రోడ్డు మీదే నిలబడిపోయింది.