శబ్దం రాని పలక

కృపాకర్‌కు కడుపులో మంటగా ఉంది. అడిగితే అసూయ అని ఒప్పుకోడు మహానుభావుడు, ఎసిడిటీ అంటాడు. అసలు మంట రాధిక రాసిన రెండు పేజీలది.

శ్యామలమ్మ టీచర్ రిటైరయ్యాక మార్కాపురంలో ఒక చిన్న సంస్థ పెట్టింది. అడవి అంచు బడులకు దాతలిచ్చిన పాత కంప్యూటర్లలో ‘పలక’ అనే ప్రోగ్రాం పెట్టించడం దాని పని. కీబోర్డు మీద అక్షరాన్ని నొక్కితే ‘పలక’ దాన్ని పైకి చదివి వినిపిస్తుంది. ఆ కంప్యూటర్లు ఒక్కోటి ఒక్కో రకం. అందుకని బడికే వెళ్ళి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంను సిద్ధం చేసి, ప్రోగ్రాం నడవడానికి కావలసిన లైబ్రరీలనే చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ ముక్కలన్నీ ఎక్కించి, ప్రోగ్రాంను ఆ మిషన్‌కు తగ్గట్టు అక్కడికక్కడే తయారుచేయాలి, అంటే కంపైల్ చేయాలి. అక్కడ నెట్ రాదు. ఒక్క లైబ్రరీ మరిచిపోయినా ప్రయాణం దండగ.

ఇన్నేళ్ళూ ఆ లైబ్రరీల పేర్లన్నీ కృపాకర్ బుర్రలోనే ఉండేవి. ఎక్కడ ఎర్రర్ వచ్చినా “కృపాకర్‌ను పిలవండి” అనేవాళ్ళు. అతను టీ తాగడం పూర్తిచేసి, తాపీగా వచ్చి, రెండు కమాండ్లు కొట్టి, కాలర్ సర్దుకుని వెళ్ళేవాడు. ఆ పిలుపు కోసమే బతికాడంటే నమ్మండి. గిద్దలూరు నుంచి వచ్చిన రాధిక చేరీ చేరగానే ఏం చేసింది? ఏ లైబ్రరీ ఎందుకు కావాలో, ఏది ముందు ఎక్కించాలో, చదివినవాళ్ళందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టింది.

“ఇంక ఎవరైనా చేసుకోవచ్చు గదమ్మా!” అని శ్యామలమ్మ మురిసిపోయింది.

ఎవరైనా! చెవిలో సీసం పోసినట్టయింది కృపాకర్‌కు. ఎవరైనా చేసుకుంటే ఇక తనను పిలిచేదెవరు?

రాధిక ఆ కాగితాలు పట్టుకుని నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

“అన్నా, నువ్విచ్చిన ఖాళీ మిషన్‌లో మొదట్నుంచి చేసి చూసినా. అంతా పనిచేసింది. ఏమన్నా మర్చిపోయినానేమో ఒక్కసారి చూడన్నా.”

చూశాడు. చూడగానే పట్టేశాడు కూడా, పనిలో మాత్రం వంక పెట్టలేం. శబ్దం వినిపించే లైబ్రరీ అందులో లేదు. ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది పాపం! అతనిచ్చిన మిషన్ నిజంగా ఖాళీది కాదు. లినక్స్ వేసేటప్పుడే ఆ లైబ్రరీని కూడా ఎక్కించేయడం అతనికి అలవాటు. అది లేకపోయినా కంపైల్ ఆగదు, ఎర్రర్ రాదు. ‘పలక’ చక్కగా తెరుచుకుంటుంది, నోరు మాత్రం విప్పదు.

ఒక్క మాట చెబితే పోయేది. చెప్పాడా?

“బాగుందమ్మా. ఏమీ తక్కువ లేదు,” అన్నాడు.

ఆ ఒక్క లైబ్రరీని పెన్‌డ్రైవ్‌లో వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పిల్లల పని చెడగొట్టేంత దుర్మార్గుడు కాడు లెండి. బడిలో రాధిక తెల్లమొహం వేయాలి, శ్యామలమ్మ తన వైపు తిరగాలి. అంతే అతని కోరిక.

యర్రగొండపాలెం దాటి అడవి అంచు గూడెం బడికి ముగ్గురూ జీపులో వెళ్ళారు. రాధిక కాగితం చూసుకుంటూ తానే లినక్స్ వేసి, లైబ్రరీలు ఎక్కించి కంపైల్ చేసింది. ఎర్రర్ అన్నదే లేదు. ఒక పాప ముందుకొచ్చి ‘అ’ నొక్కింది. ఏమీ వినిపించలేదు. స్పీకర్ తిప్పి చూశారు, వైరు పీకి మళ్ళీ పెట్టారు. ఊహూఁ.

“ఏందమ్మా ఇది? ఇంత దూరం వచ్చింది ఇందుకా?” శ్యామలమ్మ ముఖం చిన్నబోయింది.

కృపాకర్‌కు కావలసింది ఇదే. చెయ్యి జేబు మీదికి పోయింది.

“తప్పు నాదే టీచర్,” అంది రాధిక, కళ్ళనీళ్ళు ఆపుకుంటూ. “అన్నను ఏమీ అనొద్దు. అడిగితే పాపం పని మానుకుని మరీ చూసినాడు. బాగుందన్నాడు. అన్నకే దొరకలేదంటే ఇదేందో కొత్త రోగం.”

కృపాకర్ చెయ్యి జేబు మీదే ఆగిపోయింది. ఇప్పుడు పెన్‌డ్రైవ్ తీస్తే దొంగ. తీయకపోతే చేతగానివాడు. ఇంత తెలివైనవాడికి ఈ సంగతి ముందే ఎందుకు తట్టలేదో! అవతల పాప, తానే సరిగ్గా నొక్కడం లేదేమోనని, వేలిని గౌనుకు తుడుచుకుని మళ్ళీ నొక్కుతోంది.

జేబులోంచి తీసి ఇచ్చాడు.

రాధిక తెరిచి చూసింది. అందులో ఉన్నది ఒకే ఒక్క లైబ్రరీ. తన కాగితం తీసి చూసింది, కాగితంలో లేనిదీ అదొక్కటే. తర్వాత దాన్ని ఎక్కించి, మళ్ళీ కంపైల్ చేసి, పాపకు చోటిచ్చి పక్కకు జరిగింది. పాప నొక్కగానే “అ” అని గట్టిగా వినిపించింది. బడంతా ఒకటే కేకలు.

“చూసినావా రాధికా! మా కృపాకర్ ఉంటే చాలు!” అని శ్యామలమ్మ అతని వీపు తట్టింది. ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే చొంగ కార్చాడు. తీరా వచ్చాక మింగుడుపడలేదు.

రాధిక తన కాగితంలో ఆ లైబ్రరీ పేరు చేర్చింది. పెన్‌డ్రైవ్ తీసి అతని ముందు పెట్టింది.

“తీసుకోండి కృపాకర్ గారూ,” అంది.