పోదుం, పోదాం

పాకాల రైలుగేటు దాటి చిత్తూరు దారి పట్టగానే ఎడమ పక్కన మోహన్ షెడ్డు కనిపిస్తుంది. టిప్పర్ లారీలకు తొట్లు విప్పడం, మళ్లీ బిగించడం అక్కడి పని. ఆ శుక్రవారం పొద్దున షెడ్డు ముందర ఢిల్లీబాబు టిప్పర్ నిలబడి ఉంది. కంకర మోసి మోసి దాని ఛాసిస్ పగిలింది. అతుకు వేయాలంటే ముందు తొట్టిని ఊడదీయాలి. రాహుకాలం రాకముందే తొట్టి నేల మీద ఉండాలని ఢిల్లీబాబు పట్టుబట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, కర్పూరం వెలిగించి, ఎవరినీ అడక్కుండా డ్రైవరు చేత తొట్టిని పైకి లేపించేశాడు.

షెడ్డు వెనకే ఇల్లు. మోహన్ భార్య మునిలక్ష్మి కాఫీ గ్లాసులతో బయటికి వచ్చేసరికి, లేచిన తొట్టి కిందికి మోహన్ తల వంచి దూరబోతున్నాడు. ఆమె అతన్ని గట్టిగా పేరు పెట్టి పిలిచింది. పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ నలుగురిలో పేరు పెట్టి పిలవనిది పిలిచేసరికి అతను ఆగిపోయాడు. ఆమె గ్లాసులు నేల మీద పెట్టి, లారీ మెట్టెక్కి ఇంజను ఆపి, తాళంచెవి తీసి బొడ్లో దోపుకుంది.

"ఏమ్మా, తాళం తీస్తివే?" అన్నాడు ఢిల్లీబాబు.

"తొట్టి కింద ఊతకమ్మీ యాడుండాదన్నా?"

ఢిల్లీబాబు నవ్వి, క్వారీలో ఈ తొట్టి రాత్రంతా అలాగే నిలబడిందనీ, జాకీలోని నూనె దాన్ని ఏనుగులా మోస్తుందనీ చెప్పాడు. మునిలక్ష్మి జాకీ గొట్టం వైపు చెయ్యి చూపించింది. గొట్టం మొదట్లో నూనె చెమటలా ఊరుతోంది. అది తెగి నూనె కారిపోతే తొట్టి ఒక్కసారిగా కిందికి పడుతుంది. అది చూసి మోహన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

మోహన్ కుడిచేతికి రెండు వేళ్లు లేవు. పోయినేడు ఇలాగే ఇంకో తొట్టి లేపేటప్పుడు పోయాయి. క్రేను నడిపింది గుడియాత్తం కుప్పుస్వామి. గొలుసు బిగిస్తూ అతను "పోదుమా?" అని అరిచాడు. ఈ బిగువు చాలా అని అరవంలో దాని అర్థం. మోహన్‌కి అది "పోదామా?" అని వినిపించింది. చెయ్యి ఇంకా గొలుసులో ఉండటంతో "ఇంకా లే, ఇంకా లే" అన్నాడు. ఇంకా చాలలేదంటున్నాడనుకొని కుప్పుస్వామి మరింత లాగాడు. ఎవరి భాషలో వాళ్లు సరిగ్గానే మాట్లాడారు. ఆ తర్వాత కుప్పుస్వామి ఆస్పత్రి వరండాలో కూర్చొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పటినుంచి ఆ షెడ్డులో క్రేను కదిలినంతసేపూ ఎవరూ నోరు తెరవకూడదు. సైగ ఒక్కరిదే. ఆ ఒక్కరు మునిలక్ష్మి.

"టైం సూడమ్మా," అని ఢిల్లీబాబు గడియారం చూపించాడు. "రాహుకాలం వస్తా ఉండాది. దాంట్లో బండి మీద చెయ్యి వెయ్యకూడదు. ఆడదానివి, నీకు నేను చెప్పాల్నా?"

"ఆయన వేళ్లు పోయింది అమృత ఘడియలోనే అన్నా. క్యాలెండర్ సూసే మొదలుపెట్టినాము."

ఢిల్లీబాబు మొహం మాడ్చుకున్నాడు. ఇంట్లో పెత్తనం ఎవరిదని మోహన్‌ను అడిగాడు. బండిని తిరుపతికి తోలుకుపోతానని బెదిరించాడు.

"తోలుకపొండి," అంది మునిలక్ష్మి. "కమ్మీ పెట్టి తొట్టి ఊడదీసినాకే తాళం ఇస్తా. అంతవరకు అడగొద్దు."

ఈ రోజూ క్రేను నడిపేది కుప్పుస్వామే. అందులో కూర్చొని అంతా వింటూనే ఉన్నాడు. ఢిల్లీబాబు అతనివైపు తిరిగి, నువ్వైనా చెప్పప్పా అన్నాడు. కుప్పుస్వామి పై జేబులోంచి కళ్లద్దాలు తీసి, తుడిచి పెట్టుకుని, మునిలక్ష్మి చేతివైపు చూస్తూ కూర్చున్నాడు.

షెడ్డులోంచి ఊతకమ్మీ తెచ్చి పక్కనుంచే తొట్టి కిందికి నెట్టి నిలబెట్టారు. క్రేను గొలుసులు తగిలించి, జాకీ పిన్ను తప్పించి, కమ్మీ తీసేసి, తొట్టిని మెల్లగా ఛాసిస్ మీదికి దించారు. ఖాళీ తొట్టేనని ఢిల్లీబాబు అంటున్నా మునిలక్ష్మి ఒప్పుకోలేదు. మూలలు తట్టి చూసి, ఒకచోట గట్టిపడిన మట్టిని గడ్డపారతో గీకించింది. ఒక పక్క బరువుంటే లేచేటప్పుడు తొట్టి వంకరపోతుంది. ఇంతలో రాహుకాలం రానే వచ్చింది. ఢిల్లీబాబు నిమ్మకాయల వైపు చూసి తల పట్టుకున్నాడు.

తొట్టిని ఛాసిస్‌కు వెనక పట్టి ఉంచే రెండు పిన్నుల్లో ఒకటి సుత్తిదెబ్బకే వచ్చింది. రెండోది తుప్పు పట్టి కదల్లేదు. బరువు గొలుసుల మీద ఉంది. మోహన్ పక్కనుంచి వంగి, మిగిలిన వేళ్లతో పిన్నును తిప్పుతున్నాడు. మునిలక్ష్మి పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తింది. కదలొద్దని సైగ.

ఢిల్లీబాబు ఓపిక అక్కడితో అయిపోయింది. "పోదాం, పోదాం" అని గట్టిగా చప్పట్లు కొట్టాడు.

కుప్పుస్వామి చెయ్యి అలవాటుగా లివరు మీదికి పోయింది. అతనికది అరవంలో "పోదుం" అని, చాలు, దించు అన్నట్టే వినిపించింది. వేళ్లు లివరును తాకాయి. కళ్లు మాత్రం ఆ పిడికిలి మీదే ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. గొలుసు కదల్లేదు.

మోహన్ పిన్ను లాగి పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. నేల మీద హద్దుగా పరిచిన తాడు దాటి అతను అవతలికి వచ్చేదాకా మునిలక్ష్మి పిడికిలి దించలేదు.

"అన్నా," అంది తర్వాత. గొంతు పెరగలేదు. "ఆ తాడు అవతలికి పొండి. ఈడ మాట్లాడేది నా చెయ్యొకటే."

తన డ్రైవరు చూస్తుండగానే ఢిల్లీబాబు తాడు దాటి అవతలికి పోయాడు. ఆమె అరచెయ్యి తెరిచి పైకి ఊపింది. తొట్టి ఎటూ వంగకుండా గాల్లోకి లేచింది. అప్పుడు బొడ్లోని తాళంచెవి తీసి డ్రైవరుకు ఇచ్చింది. లారీ తొట్టి కిందినుంచి ముందుకు కదిలింది. నిండు రాహుకాలంలో నిమ్మకాయలు పటపటా చితికాయి.