వీపుకంటని మట్టి

సీతారాములు పారతో గోదాలోని మట్టిని తిరగేస్తున్నాడు. నిమ్మరసం, నువ్వుల నూనె, పులిసిన మజ్జిగ కలిపి నానబెట్టిన ఎర్రమట్టి అది. పార దిగిన చోటల్లా పుల్లటి వాసన లేస్తోంది. కోస్గిలో తాలీంఖానా అంటే పెద్ద భవనమేమీ కాదు. ఒక పాత రేకుల షెడ్డు, మధ్యలో మోకాలి లోతు గుంత, గోడకు ఆంజనేయుడి పటం, మూలన కసరత్తుకు తిప్పే రెండు ముద్గరాలు, అంతే. పొద్దున అందరికంటే ముందు వచ్చినవాడు మట్టి తవ్వాలని అక్కడి కట్టడి. ఏడాది పైగా ఆ పార ఈయన చేతిలోనే ఉంది.

చూసినవాళ్లెవరూ ఆయన్ను పహిల్వాన్ అనుకోరు. యాభై దాటాయి. మెడ సన్నం, ఛాతీ లోపలికి, పొట్ట బయటికి. చీరలు మడిచి మడిచి అరచేతులు మెత్తబడిపోయాయి. నడుము కిందిభాగం ఒక్కటే మొద్దులా బలిసింది. చిన్నప్పటినుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కినవాడికి బలమంతా అక్కడే కదా చేరేది! మొదటిరోజు లంగోటి కట్టుకుని వచ్చినప్పుడు పిల్ల పహిల్వాన్లంతా గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు.

మగ్గం మూలబడ్డాక ఆయన బజారులోని ఒక బట్టల దుకాణంలో కుదిరాడు. ఆడవాళ్లు విప్పించి, వద్దని వదిలేసిన చీరల్ని మళ్లీ మడతపెట్టడం పని. అలా మడతపెడుతూనే జుట్టు నెరిసింది. ఎవరినీ పల్లెత్తు మాట అన్నది లేదు. ఎవరైనా అంటే పడింది మాత్రం చాలానే ఉంది.

అలాంటి మనిషికి నలభై దాటాక ఒక పురుగు కుట్టింది. ఏదో ఒకటి కొత్తది నేర్చుకోవాలి! ముందు భజన మండలిలో హార్మోనియం పట్టుకున్నాడు. వేళ్లది ఒక దారి, గొంతుది ఒక దారి. మండలివాళ్లు హార్మోనియం తీసుకుని చేతికి తాళాలిచ్చారు, కొన్నాళ్లకు ఆ తాళాలూ తీసుకున్నారు. తర్వాత మోపెడ్ నేర్చుకుంటానని పోయి ఎవరిదో బర్రెల కొట్టంలో తేలాడు. మిద్దె మీద గులాబీలు పెంచితే మొగ్గల్ని కోతులు తిన్నాయి. "ముసలోనికి దసరా పండుగ" అని భార్య లక్ష్మీనర్సమ్మ వాడకట్టంతా వినేలా అనేది. ఇంతలో షుగర్ వచ్చింది. రోజూ చెమట పట్టాలన్నాడు డాక్టరు. ఊళ్లో షుగరున్న వాళ్లంతా బైపాస్ రోడ్డు మీద నడుస్తుంటే, ఈయన నేరుగా తాలీంలోకి నడిచాడు.

"ఏం సీతారాములన్నా, తొవ్వ తప్పినవా?" అన్నాడు ఉస్తాద్ పెద్దులు.

"లేదు ఉస్తాద్. నేర్సుకుందామని."

పెద్దులు ఆయన భుజాలు నొక్కి చూశాడు, తొడలు తట్టి చూశాడు. "నీకు గెలుసుడు ఈ జన్మల రాదన్నా. ఓడకుండ ఉండుడు నేర్పుత" అన్నాడు.

మట్టికుస్తీలో వీపు మట్టికి తాకితేనే ఓటమి. బోర్లా పడుకుని, కాళ్లు ఎడంగా చాపి, వేళ్లు మట్టిలో దించి నేలను కరచుకున్నవాణ్ణి వెల్లకిలా తిప్పేదాకా గెలిచినట్టు కాదు. దాన్ని నేలపట్టు అంటారు. సీతారాములుకు ఆ ఒక్క విద్యా అబ్బింది. కొన్నాళ్లకు ఆ తాలీంలో ఆయన్ను తిప్పగలిగినవాడు లేకుండా పోయాడు. కండలు తిరిగిన మొనగాడొకడు ఆయన వీపు మీద కూర్చుని, లాగి, గుంజి, చివరికి "నాతోటి గాదు కాకా" అని పక్కకు పడిపోయిన రోజు, సీతారాములు దారి పొడుగునా నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. అంత సంతోషం ఆయన పెళ్లినాడు కూడా పడలేదు.

ఈ పొద్దు మాత్రం ముఖాన నవ్వు లేదు. తవ్వడం అయ్యాక పార గోడకానించి, పెద్దులు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఉస్తాద్, ఇయ్యాల జాతరల నేను గోదాలకు దిగుత."

"దిగు. గెలిస్తె టెంకాయ ఇచ్చే చిన్న కుస్తీ పట్టిపిద్దాం. ఎవలితోని?"

"మా అల్లునితోని."

పెద్దులు నోట్లోని వేపపుల్ల తీసేశాడు. అల్లుడు విజేందర్ ఎవరో ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. జేసీబీ నడుపుతాడు. ఏటా వాళ్ల ఊరి జాతరలో వెండి కడియం అతని చేతికే పోతుంది. అతని చేతులు గోదాలో ఎంత ఆడతాయో ఇంట్లోనూ అంతే ఆడతాయని మాత్రం సీతారాములు కుటుంబానికే తెలుసు. మొన్న చలికాలంలో కూతురు అఖిల ఎడమచెవి నుంచి నెత్తురు కారుతూ, కుడిచేతి రెండు వేళ్లు విరిగి పుట్టింటికొచ్చింది. ఆ చెవికి ఇక వినపడదన్నారు దవాఖానలో. కులపంచాయితీ పెడితే మెట్ల మీద నుంచి జారిపడిందని చెప్పింది అత్త. అది రేకుల ఇల్లు. దానికి మెట్లే లేవు. ఆ ముక్క పంచాయితీలో ఒక్కరూ అనలేదు.

కులపెద్ద భిక్షపతి బీడీ ఆర్పి తీర్పు చెప్పాడు: "ఇంటి లోపటి ముచ్చట ఇది. కొట్టంగ చూసినోళ్లు ఎవలన్న ఉన్నరా? చూడనిదానికి మేమేం చెప్తం? జాతర కాంగనే పిల్లను తోలు." అంటే రేపే.

"వాడు నిన్ను చంపుతడన్నా" అన్నాడు పెద్దులు.

"అందరి ముంగట గంత పని చేస్తడా?"

"గెలువవు గద!"

"గెలుసుడెందుకు ఉస్తాద్? నలుగురు చూస్తె చాలు."

 పెద్దులు నూనె సీసా తెచ్చి, ఎప్పుడూ శిష్యులతో చేయించుకునే మనిషి, తానే ఆయన మెడకు, భుజాలకు మర్దనా చేశాడు.

దుకాణంలో ఒక పూట పని చేసి సీతారాములు ఇంటికొచ్చాడు. అఖిల జొన్నరొట్టె పెట్టింది. ఏదైనా అడిగితే కుడిచెవి ఇటు తిప్పి వినడం ఆమెకు అలవాటైంది. 

"నాయినా, రేపు నేను పోతలే" అంది, రొట్టె వైపు చూస్తూ.

"పోవుడు లేదు బిడ్డా. నువ్వు జాతరకు రా. అమ్మను గూడ తోలుకరా."

"ఎందుకు, నీ కుస్తీ చూసెతందుకా?" అంది లోపలినుంచి లక్ష్మీనర్సమ్మ. "షుగరు తగ్గుడేమో గని నీకు బుద్ధి తగ్గింది. నేను రాను, నా పానం తియ్యకు." ఆయన చెయ్యి కడుక్కుని బస్సెక్కాడు.

అల్లుడి ఊరి జాతరలో డప్పులు పొద్దు తిరిగినప్పటి నుంచే మోగుతున్నాయి. మిఠాయి బండ్ల వెనక తాళ్లు కట్టి గోదా తయారు చేశారు. ముందు టెంకాయ బహుమానంగా పిల్లల కుస్తీలు, తర్వాత తువ్వాలు కోసం, ఆఖరున కడియం కోసం. భిక్షపతి కుర్చీలో కూర్చుని కడియం పెట్టిన తాంబాళం ఒళ్లో పెట్టుకున్నాడు. విజేందర్ అప్పటికే ఇద్దరిని పడేశాడు. రెండోవాడి భుజం కీలు తప్పి, వాడి అరుపులకు ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. జనం మాత్రం ఈలలేశారు. చూడ్డానికి వచ్చిందే దానికి కదా!

"ఇంకెవలన్న ఉన్నరా?" అని డప్పులవాడు అరిచాడు.

సీతారాములు చొక్కా విప్పి తాడు కింద నుంచి దూరి లోపలికి దిగాడు.

ముందు ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత జాతరంతా నవ్వింది. ఆయన వంగి మట్టి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఎదురుగా అల్లుడి పాదాలు కనిపించాయి. పెళ్లినాడు ఇత్తడి పళ్లెంలో పెట్టి ఈ చేతులతోనే కడిగాడు వాటిని. కడిగిన నీళ్లు తల మీద చల్లుకున్నాడు కూడా. చెయ్యి తనంతట తానే ఆ పాదాల వైపు పోబోతే వెనక్కి లాక్కుని ముందుకు చాపాడు. కుస్తీలో చెయ్యి కలిపితే ఇక వెనక్కి పోవడమన్నది లేదు.

"మామా, ఇది బట్టల దుకాణం గాదు. పో" అన్నాడు విజేందర్.

"చెయ్యి కలుపు అల్లుడా. భయమైతాందా?"

ఈసారి నవ్వు విజేందర్ మీదికి మళ్లింది. అతని దవడ బిగిసింది. మామ చేతిని ఫట్టున చరిచాడు. డప్పు మోగింది.

మొదటి పట్టులోనే సీతారాములు గాలిలోకి లేచాడు. పడుతూ పడుతూ ఒళ్లు తిప్పుకుని పొట్ట మీద పడ్డాడు. లోపల ఏదో పక్కటెముక చిట్లింది, ఊపిరి ఆగినట్టయింది. కాళ్లు చాపాడు, వేళ్లు మట్టిలో దించాడు. విజేందర్ వీపెక్కి మెడ కింద చెయ్యి దూర్చి లాగాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి కానీ ఒళ్లు కదల్లేదు. నడుము పట్టి ఎత్తాడు, అదీ లేవలేదు. చంక కింద మోచెయ్యి దించి పొడిచాడు. సీతారాములు నోట్లోకి మట్టి పోయింది, దాంతోపాటు నెత్తురు ఉప్పగా తగిలింది.

"తిప్పు, తిప్పు!" అని జనం అరిచారు. కాసేపటికి వాళ్లే "ఏంది పహిల్వాన్, ముసలోడు లేస్తలేడా!" అని ఎగతాళి మొదలుపెట్టారు. కడియాల మొనగాడు చీరలు మడిచే మనిషిని తిప్పలేక చెమటలు కక్కుతున్నాడు. అప్పుడు లక్ష్మీనర్సమ్మ కూతురితో పాటు జనాన్ని తోసుకుంటూ తాడు దాకా వచ్చింది. రానంటే రానన్న మనిషి చేతిలో స్టీలు క్యాను ఉంది. కుస్తీ అయ్యాక తాగుతాడని తైదల జావ, అదే రాగిజావ, కాచి తెచ్చింది.

విజేందర్ మామ చెవి దగ్గరికి వంగి, "రేపు నీ బిడ్డ వస్తది గద, దాని సంగతి చెప్త" అన్నాడు.

సీతారాములు తల ఎత్తాడు. జీవితంలో ఎన్నడూ లేనంత గట్టిగా, భిక్షపతి కుర్చీ దాకా వినపడేట్టు అరిచాడు: "అల్లుడా! ఇంట్ల ఎట్ల కొడుతవో గట్లనే కొట్టు!"

ఆ మాటతో విజేందర్‌కు కుస్తీ మతిలో లేకుండా పోయింది. మట్టిలో దిగిన కుడిచెయ్యి పట్టుకుని రెండు వేళ్లు వెనక్కి విరిచాడు. కట్టెపుల్ల విరిగిన చప్పుడు తాడు అవతలి దాకా వినిపించింది. అఖిల తన వేళ్లను తానే పట్టుకుంది. తర్వాత విజేందర్ అరచెయ్యి విసిరి మామ ఎడమచెవి మీద కొట్టాడు, మళ్లీ కొట్టాడు. చెవిలోంచి నెత్తురు మెడ మీదికి దిగింది. అదే చెయ్యి, అవే వేళ్లు, అదే చెవి. భిక్షపతి కుర్చీలోంచి లేచాడు. తాంబాళం కింద పడింది, కడియం ఎటో దొర్లింది.

డప్పు ఆగింది. "ఇడువు, ఇడువురా!" అంటూ పెద్దులు గోదాలోకి దూకాడు. అతను చేరేలోగా విజేందర్ రెండు పిడికిళ్లు కలిపి మెడ వెనక గుద్దాడు, లేచి నిలబడి మడమతో అక్కడే తొక్కాడు. పెద్దులుతో పాటు మరో నలుగురు మీద పడితే తప్ప అతన్ని పక్కకు లాగలేకపోయారు.

సీతారాములుకు నొప్పి అప్పటికే దూరం పోయింది. బుగ్గ కింద మట్టి చల్లగా ఉంది. నిమ్మకాయ వాసన లేదు, ఇది వేరే మట్టి అనుకున్నాడు. అంత గోలలోనూ ఆయన మనసు ఒక్కదాన్నే తడిమి చూసుకుంది. వీపుకు గాలి తగులుతోంది. తిప్పలేకపోయాడు! ఎక్కడో అఖిల "నాయినా" అని పిలిచింది. పలుకుదామనుకున్నాడు.

ఊపిరాడుతుందేమోనని పెద్దులు ఆయన్ను తిప్పబోయి ఆగాడు. ఎడమచేతి వేళ్లు ఇంకా మట్టిని పట్టుకునే ఉన్నాయి. ఊరి ఆరెంపీ డాక్టరు వచ్చి మణికట్టు చూశాడు, మెడ చూశాడు, తల అడ్డంగా ఊపాడు. లక్ష్మీనర్సమ్మ కూలబడి, తిట్టిన తిట్లన్నీ తిరిగి తనకే తిట్టుకుంటూ ఏడ్చింది. పెద్దులు తన తువ్వాలుతో ఆయన వీపు తుడిచాడు. తువ్వాలుకు చెమటే అంటింది తప్ప మట్టి అంటలేదు.

అఖిల ఏడవలేదు. గోదా దాటి పోయి భిక్షపతి ఎదుట నిలబడింది. కుడిచెవి అతనివైపు తిప్పింది.

"పెదనాయినా, చూసినవా?"

భిక్షపతి తల తిప్పి చూశాడు. చుట్టూ ఊరంతా ఉంది. ఈల వేసినవాళ్లున్నారు, నవ్వినవాళ్లున్నారు. విజేందర్ తల్లి కూడా ఒక మూలన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"చూసిన బిడ్డా" అన్నాడు భిక్షపతి.

"నేను గూడ చూసిన" అంది వెనకనుంచి ఒక ఆడమనిషి. తర్వాత మిఠాయి బండివాడన్నాడు, డప్పులవాడన్నాడు. అనేవాళ్లు పెరిగేకొద్దీ విజేందర్‌ను పట్టుకున్న చేతులూ పెరిగాయి. పోలీసు జీపు వచ్చేదాకా అతన్ని ఎవరూ వదల్లేదు. సాక్ష్యం చెప్పడానికి ముందుగా జీపెక్కింది భిక్షపతే.

సీతారాములును ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టి కోస్గి వైపు తీసుకుపోయారు. మిఠాయి బండ్లు సర్దుకున్నాయి, తాళ్లు విప్పేశారు. గోదా గట్టు మీద లక్ష్మీనర్సమ్మ పెట్టి మరిచిన స్టీలు క్యాను ఉండిపోయింది. మూత తీయని ఆ క్యానులో తైదల జావ ఇంకా గోరువెచ్చగానే ఉంది.