కొత్త డీజిలు, పాత సాయిదుర్గ

"ఇనప సామాన్ల వాడికి తూకానికి అమ్మేముందు నాకో మాట చెప్పు వదినా. నేనే కొంటాను," అన్నాడు బంగార్రాజు, కొవ్వూరు రేవంతా వినేలా.

పాపాయి తమ సాయిదుర్గ లాంచీ ఇంజను గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, చల్లారిపోయిన డీజిలు పంపుని చూస్తోంది.

రెండువేల అయిదో సంవత్సరం. గంధకం తగ్గించిన కొత్త డీజిలు బంకుల్లోకి వచ్చింది. పొగ తగ్గుతుందన్నారు, తగ్గింది. కానీ ఎన్నో వరదలు ఈదిన సాయిదుర్గ, ఆ డీజిలు తాగిన దగ్గర్నుంచీ నడి ఏట్లో గొంతు పట్టేసినట్టు ఆగిపోతోంది. బంగార్రాజు కొత్త లాంచీకి మాత్రం ఏ రోగమూ లేదు.

"ఇంకొక్కసారి నీళ్ళ మీద ఆగిందా, అమ్మేస్తాను. నువ్వు అడ్డు రాకూడదు," అన్నాడు ఆమె భర్త బుల్లియ్య.

"రాను," అంది పాపాయి. పుట్టింటివాళ్ళిచ్చిన వలలూ పడవా అమ్మి కొన్న లాంచీ అది. అది పోతే బుల్లియ్య బంగార్రాజు దగ్గర కూలికి చుక్కాని పట్టాలి. తను చేపల గంప నెత్తికెత్తుకోవాలి.

మర్నాడే రాజమండ్రి నుంచి మెకానిక్కు వీరబ్రహ్మాన్ని లాక్కొచ్చింది. అతను పంపు విప్పి, ఒక నల్లటి రబ్బరు రింగు ఆమె అరచేతిలో పెట్టాడు.

"చూడమ్మా. పాత డీజిల్లో నాని ఉబ్బి బిగుసుకున్న రబ్బరు, కొత్తదానికి కుంచించుకుపోయింది. ఆ సందులోంచి పంపు గాలి పీలుస్తోంది. ఇంకోటి, ఈ పంపుకి విడిగా ఆయిలుండదు. లోపల పారే డీజిలే దానికి ఆయిలు. గంధకం తీసే పనిలో ఆ జిడ్డు కూడా పోతుంది. కంపెనీవాళ్ళు మళ్ళీ కాస్త మందు కలుపుతారు. దాన్ని మీవాళ్ళు కిరసనాయిలు పోసి పల్చన చేస్తున్నారు! జిడ్డు చాలక పంపు పట్టేస్తోంది."

బుల్లియ్య మొహం తిప్పుకున్నాడు. రేషన్ కిరసనాయిలు కలపని లాంచీ ఆ రేవులో లేదు. వాళ్ళ నాన్న కలిపేవాడు, ఇతనూ కలిపేవాడు. పాత డీజిలు ఆ తప్పుని కాసుకునేది.

"మా నాన్నకి తెలీదా ఏంటండి?" అని గొణిగాడు.

"మీ నాన్న ఈ డీజిలు చూళ్ళేదు కదండీ," అన్నాడు వీరబ్రహ్మం. కొత్త డీజిలుకి తట్టుకునే రకం సీళ్ళు వేశాడు. స్కూటర్లో పెట్రోలుతో కలిపే టూ స్ట్రోక్ ఆయిలు ఒక డబ్బా ఇచ్చి, డీజిలు పోసినప్పుడల్లా కొంచెం కలపమన్నాడు.

వారం తిరక్కుండా గోదారిలోకి ఎర్రటి వరదనీరు దిగింది.

రేవులో బంగార్రాజు కేక వినపడేసరికి పాపాయి తలెత్తింది. లంక నుంచి కూలీ ఆడవాళ్ళనీ అరటి గెలల్నీ ఎక్కించుకుని, ఇంజను లేని బల్లకట్టు లాంటి పంటు వస్తోంది. దాన్ని లాగుతున్నది అతని కొత్త లాంచీయే. మోకు తెగింది. తెగిన మోకు లాంచీ అడుగున తిరిగే పంకాకే చుట్టుకుంది. లాంచీ లంగరు వేసుకుని నిలబడింది. లంగరు లేని పంటు గిరగిరా తిరుగుతూ దిగువనున్న వంతెన స్తంభాల మీదికి కొట్టుకుపోతోంది.

"వదినా! నీ కాళ్ళు పట్టుకుంటాను!"

అప్పటికే సాయిదుర్గ రేవు వదిలింది. బుల్లియ్య వరదకి అడ్డం పడి పంటుని అందుకున్నాడు. పాపాయి మోకు విసిరింది. పంటు మీద ముందు నిలబడ్డ కూలీ మనిషి లోవలక్ష్మి దాన్ని పట్టుకుని గుంజకి బిగించింది. మోకు సాగింది, పంటు ముక్కు ఎగువకి తిరిగింది.

ఇంజను దగ్గింది. మళ్ళీ దగ్గి ఆగిపోయింది.

"గాలి పీలుస్తోందా? సీళ్ళు కొత్తవి కదా!" పాపాయి భర్త వైపు చూసింది.

"పొద్దున్న కిరసనాయిలు కలిపానే. అలవాటుగా..."

"ఎంత?"

"చాలానే."

తిట్టడానికి తీరిక లేదు. లాంచీ, పంటు కలిసి వెనక్కి పోతున్నాయి. స్తంభాల దగ్గర నీరు ఉరిమినట్టు మోగుతోంది. పంటు మీద ఆడవాళ్ళు గోదారమ్మని పిలుస్తున్నారు.

పాపాయి విడిగా దాచిన మంచి డీజిలు క్యాను లాగింది. అందులో వీరబ్రహ్మం ఇచ్చిన ఆయిలు ధారాళంగా ఒంపి కలియతిప్పింది. ట్యాంకు నుంచి గొట్టం పీకి క్యానులో ముంచింది. పంపు మీద గాలి వదిలే మర వదులు చేసి చేతి పంపు కొట్టింది. నురగ వచ్చింది. ఇంకా కొట్టింది. బుడగలు. గోరు విరిగింది, చూసుకోలేదు. చివరికి బుడగ లేని ధార చేతి మీద పడింది. మర బిగించింది.

"స్టార్టు కొట్టు మావా!"

ఇంజను మూలిగింది. పట్టలేదు.

"ఇంకోసారి!"

పట్టింది! ముందు కుంటుతూ, తర్వాత సర్దుకుని, ఆ తర్వాత పాత రోజుల గొంతుతో గర్జించింది. వంతెన నీడ పంటు తోక మీద పడి అక్కడే ఆగింది. కాసేపు ఏరూ గెలవలేదు, ఇంజనూ గెలవలేదు. తర్వాత నీడ జారిపోయింది. సాయిదుర్గ గోదావరిని చీల్చుకుంటూ, అందర్నీ వెంటేసుకుని రేవు పట్టింది.

ఒడ్డు మీద ఈలలు, చప్పట్లు. లోవలక్ష్మి దిగీదిగగానే పాపాయిని గట్టిగా వాటేసుకుని, "గండం గట్టెక్కించిన ఈ లాంచీకి గండదీపం పెడతాను అక్కా!" అంది.

పాపాయి మసి చేతులు కొంగుకి తుడుచుకుంటూ భర్త దగ్గరికొచ్చింది.

"నీళ్ళ మీద ఆగింది కదా మావా. అమ్మేస్తావా మరి?"

"ఆపింది నేను. ఇంజను కాదు," అన్నాడు బుల్లియ్య. ట్యాంకు అడుగు మర తిప్పి, తను కలిపిన సరుకంతా ఖాళీ పీపాలోకి వదిలాడు. "ఇకనుంచి ఇందులో ఏం పొయ్యాలో నువ్వే పొయ్యి. నేను చుక్కాని ముట్టుకుంటాను, ట్యాంకు ముట్టుకోను."

బంగార్రాజు నీళ్ళలోకి దిగి వచ్చి నిలబడ్డాడు.

"పాపాయి గారండీ, మా లాంచీ ఇంకా నడి ఏట్లోనే ఉందండి. లంగరు జారుతోంది."

బుల్లియ్య చుక్కాని పట్టుకుని భార్య వైపు చూశాడు. "ఏం చెయ్యమంటావు?"

పాపాయి కొత్త మోకు భుజాన వేసుకుంది.

"తిప్పు," అంది.