గోడకాగితం పూలు

నేను ఒక గది బొమ్మను. అట్ట మీద నూనె రంగులతో వేసినది. పుట్టింది ఫ్రాన్సులో, లియాన్ నగరంలో, ఒక మూడో అంతస్తు ఇంట్లో. నాలో ఒక కిటికీ, ఒక దీపం, కుట్టుపని చేసుకుంటున్న ఒక ఆడమనిషి. ఆమె లియోనీ, నన్ను వేసిన ఒక్తావ్‌కు భార్య.

ఒక్తావ్‌కు ఆ గది గోడలకు అంటించిన గోడకాగితం మీద మోజు. దాని మీది ఎర్రపూలను కళ్లు చికిలించి ఒక్కొక్కటే వేశాడు. లియోనీ గౌను మీదా అవే పూలు. ముఖం దగ్గరికి వచ్చేసరికి గులాబీ రంగు ఒక్కసారి అద్ది కుంచె కడిగేశాడు. ముఖం కూడా గోడ మీది మరకలాంటిదేనని ఆయనా, ఆయన స్నేహితులూ కాఫీ కొట్టులో తీర్మానించుకున్నారు.

ఆ చలికాలమంతా లియోనీ దగ్గుతూనే కూర్చుంది. దగ్గినప్పుడల్లా కదలవద్దన్నాడు. వీధి చివర ఫోటోలు తీసే అతను ఉన్నాడు, ఒకటి తీయించుకుని అమ్మకు పంపుతానని ఆమె అడిగింది.

"నేనుండగా ఆ డబ్బా ఎందుకే నీకు?" అన్నాడు.

"మీ బొమ్మలో నన్ను మా అమ్మ వచ్చి చూసినా పోల్చుకోలేదు" అని నవ్వింది.

వసంతం రాకముందే లియోనీ పోయింది. పల్లె నుంచి తల్లి వచ్చేసరికి పాతిపెట్టేశారు. కూతురి ముఖం ఒక్కసారి చూడాలని ఆ ముసలమ్మ అడిగింది. ఒక్తావ్ నన్ను తెచ్చి ముందు నిలబెట్టాడు. ఆమె కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు వెతికింది.

"పూలు బాగున్నాయి, అల్లుడూ. మా పిల్లేదీ?"

ఆయన వేలు పెట్టి చూపించాడు.

"అదా? దిండనుకున్నా."

ఆ సాయంత్రం ఆయన నాలో లియోనీ ముఖం వేయడానికి కూర్చున్నాడు. పూలు గుర్తున్నాయి. దీపం మీది మసి గుర్తుంది. ఆమె కళ్ల రంగు గుర్తు రాలేదు. పక్క గదిలో ఉన్న అత్తను అడగడానికి నోరు రాలేదు. ఏదో ముఖం వేశాడు.

పొద్దున ముసలమ్మ చూసి, "ఈవిడెవరో నాకు తెలీదు" అని మూట సర్దుకుని రైలుకు వెళ్లిపోయింది. ఆయన కత్తితో ఆ ముఖాన్ని గీకేశాడు. లోపలి అట్ట బయటపడింది.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. గైడు జనాన్ని ఆ గీకిన చోట ఆపి, ముఖం లేకపోవడమే ఇందులోని గొప్పతనమని చెబుతుంది. ఎంత ప్రేమగా చూసిన ఇల్లోనని కొందరు కళ్లు తుడుచుకుంటారు.

ఆయన చలికాలమంతా ఆమె ఎదుటే కూర్చున్నాడు. పూలు చూశాడు.